శబరి తీరాన సాక్ష్యం

ప్రవేశిక

యుద్ధంలో బందీ పట్ల, క్షతగాత్రుని పట్ల, ఆయుధం పట్టని సామాన్యుని పట్ల ఎట్లా వ్యవహరించవలెనో 1949 నాటి జెనీవా ఒప్పందాలు నిర్దేశించాయి. వాటిలోని మూడవ అధికరణం ఒకే దేశం లోపల సాగే సాయుధ సంఘర్షణలను గూడ స్పృశించింది. అయితే తన భూభాగంలో జరుగుతున్నది సంఘర్షణ అని ఒప్పుకోవడానికి ఏ ప్రభుత్వమూ సాధారణంగా ఇష్టపడదు. అది శాంతిభద్రతల సమస్య మాత్రమే అంటుంది. ఎదుటి పక్షం తనది ప్రజాయుద్ధం అంటుంది. ఈ రెండు మాటల నడుమ, ఇల్లు కాలిపోయినవాని మాటను ఎవరు వినవలె, ఎవరు రాసిపెట్టవలె అన్న ప్రశ్నకు తెలుగునాట కొన్ని పౌరసంఘాలు తమ పద్ధతిలో సమాధానం చెప్పాయి. ఆ పని ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో ఎట్లా సాగిందో, దానివల్ల ఏమి ఒనగూడిందో, ఏమి ఒనగూడలేదో ఈ పాఠం తెలుపుతుంది.

పాఠ్యభాగం

భద్రాచలం నుండి తూర్పుగా సాగే బాట చింతూరు మీదుగా కోంట చేరుతుంది. చింతూరు తెలుగునేల, కోంట ఛత్తీస్‌గఢ్. ఒడిశా కొండలలో పుట్టిన శబరి నది ఈ సీమను ఒరుసుకొంటూ వచ్చి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఏటికి ఇరువైపులా ఉన్నది ఒకే అడవి. అదే ఇప్ప, అదే తునికి, అదే తాటివనం. ఇటు కోయలు, అటు దోర్లలు, మురియలు. ఒకరి పిల్లను ఒకరు చేసుకొంటారు. ఒకరి సంతకు మరొకరు వస్తారు. మిరపకోతల కాలంలో అటువైపు కూలీలు గుంపులుగా ఖమ్మం చేలకు దిగివస్తారు. రాష్ట్రాల సరిహద్దు రెవెన్యూ పటంలో ఉన్నంత స్పష్టంగా ఈ అడవిలో ఎన్నడూ లేదు.

పటం గూడ నిలకడగా లేదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమయింది. 2014లో రాష్ట్ర విభజన వెంటనే చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలైన మండలాలు ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఒక గూడెంలో కాపురమున్న మనిషి కదలకుండానే జిల్లా మారాడు, రాష్ట్రం మారాడు. ఇట్టి చోట ఒక దుర్ఘటన జరిగితే అది ఏ ఠాణా పరిధిలోనిది, ఏ కలెక్టరు బాధ్యత అన్నదే మొదటి చిక్కు. బాధితుని మొర వినవలసిన అధికారి చేతిలో, ఇది మా పరిధి కాదు అనే మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఈ సరిహద్దుకు వచ్చి వివరాలు సేకరించిన సంఘాలు ఒక్కరోజులో పుట్టినవి కావు. వాటి వెనుక మూడు దశాబ్దాల అనుభవం ఉన్నది. 1974లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఏర్పడింది. మరుసటి ఏడే అత్యవసర పరిస్థితి వచ్చింది. 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసుల ఎదురుకాల్పులలో మరణించారని ప్రకటన వెలువడింది. అత్యవసర పరిస్థితి ముగిసిన పిదప 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడి ఆ మరణాలపై విచారణ జరిపింది. ఆ నలుగురిని పట్టుకొని, చెట్లకు కట్టి కాల్చి చంపారని ఆ సంఘం నిర్ధారించింది. తరువాత ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించినా, విచారణను బహిరంగంగా సాగనీయని కారణంగా అది తుదిదాకా సాగలేదు. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ఈ రెండు విచారణలలోనూ ముఖ్యపాత్ర వహించారు.

ఫలితం దక్కకపోయినా పద్ధతి దక్కింది. ఘటన జరిగిన చోటికి పోవడం, చుట్టుపక్కల ఊళ్ల వారిని అడగడం, అధికార ప్రకటనతో పోల్చడం, తేడాను కాగితం మీద పెట్టడం, ఆ కాగితాన్ని న్యాయస్థానం ముందుంచడం ఆ పద్ధతి. దీనికే నిజనిర్ధారణ అని పేరు. పౌరహక్కుల సంఘం పెట్టిన ఫిర్యాదులపైననే జాతీయ మానవహక్కుల కమిషన్ 1996 నవంబరులో ఒక ఉత్తర్వు వెలువరించింది. 1997 మార్చిలో కమిషన్ అధ్యక్షులు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖలు రాసి, పోలీసు కాల్పులలో సంభవించే ప్రతి మరణాన్ని ఎట్లా నమోదు చేయవలెనో, ఎవరు దర్యాప్తు చేయవలెనో సూచించారు. కాల్పులు జరిపిన ఠాణావారే తమపై తాము దర్యాప్తు జరుపుకొనరాదన్నది అందులోని ముఖ్యాంశం. ఇంత చిన్న విషయం చెప్పించడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇట్టి నియమాలనే మరింత కట్టుదిట్టంగా దేశమంతటికీ విధించింది.

ఈ దారిలో ప్రాణాలు గూడ పోయాయి. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షులు, పిల్లల వైద్యులు అయిన డాక్టర్ రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో తన వైద్యశాలలోనే హత్యకు గురయ్యారు. సంఘానికి పదిహేనేళ్లు ప్రధాన కార్యదర్శిగా ఉన్న కె. బాలగోపాల్ గణితశాస్త్రంలో పట్టభద్రులు, కాకతీయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు. ఉద్యోగం వదలి, తరువాతికాలంలో న్యాయశాస్త్రం చదివి, హైకోర్టులో బీదల పక్షాన వాదించారు. ఒకమారు అపహరణకు, మరొకమారు దాడికి గురయ్యారు. ఆ దాడి జరిగింది ఖమ్మం జిల్లా కొత్తగూడెంలోనే. అయినా బస్సు దిగి కాలినడకన గూడేలకు పోయి వివరాలు అడిగే అలవాటును ఆయన 2009 అక్టోబరు 8న మరణించేవరకు మానలేదు.

బాలగోపాల్ పేరు ఇక్కడ మరొక కారణాన గూడ చెప్పవలసి ఉన్నది. రాజ్యం చేసే హింసను మాత్రమే పౌరహక్కుల సంఘం ప్రశ్నించవలెనా, విప్లవకారులు చేసే హింసను గూడ అదే నోటితో ప్రశ్నించవలెనా అన్న చర్చ 1990 దశకంలో తీవ్రంగా సాగింది. రాజ్యానికి చట్టమూ, సైన్యమూ, చెరసాలా ఉన్నవి గనుక దాని తప్పును తిరుగుబాటుదారు తప్పుతో సమానం చేయరాదని ఒక వాదం. చంపబడినవాని ఇంటిముందు నిలిచినప్పుడు చంపినవాడు ఎవరన్నదానిని బట్టి మన నోరు మూతపడరాదని రెండవ వాదం. మొదటి వాదంలో నిజం లేకపోలేదు. అధికారమున్నవానికి జవాబుదారీ ఎక్కువ. కాని రెండవదానిని ఒప్పుకొనని సంఘం మాటను బాధితుడు సగమే నమ్ముతాడు. బాలగోపాల్, ఆయన సహచరులు రెండవ వాదం పక్షాన నిలిచి 1998లో మానవహక్కుల వేదికను స్థాపించారు. ఆ చర్చ పుస్తకాలలోనిది కాదని శబరి ఒడ్డున ఏడేళ్లకే తేలింది.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలయింది. ప్రభుత్వ ప్రకటనలలో దాని పేరు శాంతియాత్ర. గోండు భాషలో ఆ మాటకు అందరూ కలిసి చేసే శుద్ధి వేట అనే అర్థం చెబుతారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా గిరిజనులే స్వచ్ఛందంగా లేచారని ప్రభుత్వం అన్నది. ఊళ్లను ఖాళీ చేయించి రహదారి పక్కన శిబిరాలకు తరలించారనీ, రానివారి ఇళ్లను తగులబెట్టారనీ ఊళ్లవారు చెప్పారు. ఇటు శిబిరానికి పోతే మావోయిస్టుల దృష్టిలో ద్రోహి. పోకుంటే జుడుం దృష్టిలో నక్సలైటు. ఈ రెంటికీ తప్పుకొనదలచినవారికి మిగిలిన దారి ఏరు దాటడమే. రాత్రివేళ అడవి దారుల వెంట పిల్లలను భుజాన వేసుకొని వేలమంది చింతూరు, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం అడవులలోకి వచ్చి గుడిసెలు వేసుకొన్నారు. వీరినే స్థానికులు గుత్తికోయలు అన్నారు.

2005 నవంబరు చివరివారంలో వివిధ రాష్ట్రాల పౌరహక్కుల సంఘాలు కలిసి ఒక బృందాన్ని దంతెవాడకు పంపాయి. మరుసటి ఏడు రామచంద్ర గుహ, నందినీ సుందర్, విశాఖపట్నానికి చెందిన మాజీ ఐ.ఏ.ఎస్. అధికారి ఇ.ఏ.ఎస్. శర్మ మొదలైనవారితో కూడిన మరొక బృందం అక్కడ పర్యటించింది. ఏటికి ఇటువైపున మానవహక్కుల వేదిక వంటి సంఘాలు, చింతూరు ప్రాంతంలోని చిన్న స్వచ్ఛంద సంస్థలు వలసవచ్చినవారి గూడేలకు తిరిగాయి.

ఆ పని ఎంత కష్టమో బయటివారికి తెలియదు. మొదటి అడ్డు భాష. కోంట వైపు దోర్ల మాట తెలుగు కోయకు కొంత అర్థమవుతుంది. లోపలి మురియ మాట అర్థం కాదు. కాబట్టి దుబాసీ కావలె. ఆ దుబాసీ ఎవరి మనిషి? మాస్టరా, సర్పంచి బంధువా, పోలీసులకు తెలిసినవాడా? అతడు మధ్యలో ఒక మాట మింగితే సాక్ష్యం మారిపోతుంది. అందుచేత ఒకే ప్రశ్నను వేర్వేరు దుబాసీల ద్వారా, వేర్వేరు మనుషులను విడివిడిగా అడగవలసి ఉంటుంది.

రెండవ అడ్డు కాలం. మీ ఊరు ఏ తేదీన తగలబడినదని అడిగితే జవాబు రాదు. ఇప్పపూలు రాలిన తరువాతనా, తునికాకు కోతకు ముందా, కొత్తల పండుగ అయిందా అని అడిగితే వస్తుంది. ఆ జవాబును పంచాంగంలోకి మార్చుకోవలె. సంత ఏ వారం జరుగుతుందో తెలిస్తే, సంతకు రెండు రోజుల ముందు అన్న మాట నుండి తేదీ తీయవచ్చు. న్యాయస్థానంలో ఎదుటి న్యాయవాది మొదట పట్టుకొనేది తేదీనే గనుక ఈ శ్రమ తప్పదు.

మూడవది, అన్నింటికంటె పెద్దది, భయం. గుంపులో అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు. ఆ మాట అక్కడున్న బలవంతుని మాట. ఒంటరిగా అడిగితే అడిగినవారు వెళ్లిన తరువాత ఆ మనిషిని ఇంకొకరు అడుగుతారు, ఏమి చెప్పావని. పేరు రాయకుంటే న్యాయస్థానం లెక్కచేయదు. పేరు రాస్తే ఆ మనిషి ఊళ్లో బ్రతకలేడు. అనుభవమున్న సంఘాలు రెండు పుస్తకాలు పెట్టుకొనే పద్ధతిని పాటిస్తాయి. అచ్చయ్యే నివేదికలో పేరు మారుతుంది లేదా ఉండదు. అసలు పేరు, ఊరు, తండ్రి పేరు ఉన్న పుస్తకం వేరుగా భద్రమవుతుంది. బాధితుడు తానుగా ఒప్పుకొంటేనే అది న్యాయస్థానానికి పోతుంది.

చెప్పిన మాటను చూసిన వస్తువుతో సరిచూసుకోవడం మరొక మెట్టు. కాలిన ఇంటి దూలం ఎంతవరకు కాలింది, గాదెలో ధాన్యం మసి అయిందా, ఇత్తడి బిందె కరిగిందా, దానిని ఎవరైనా తీసుకుపోయారా? వలసవచ్చినవారు కేవలం కూలికి వచ్చినవారేనని కొందరు అధికారులు వాదించేవారు. దానికి జవాబు గుడిసెలోనే దొరుకుతుంది. మిరపకోతలకు వచ్చేవాడు ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకొని రాడు. కోతలు ముగియగానే తిరిగిపోతాడు. విత్తే కాలం వచ్చినా సొంత చేనికి పోని రైతు, ఏదో కారణం లేక అక్కడ ఉండడు.

ఈ సంఘాల పనిలో అతి కఠినమైన పరీక్ష 2006లో వచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరి 28న కోంట ప్రాంతంలోని దర్భగూడ వద్ద మావోయిస్టులు మందుపాతర పేల్చి, లారీలో తిరిగివస్తున్న గిరిజనులను పాతికమందికి పైగా చంపారు. జూలైలో చింతూరుకు దూరం కాని ఎర్రబోరు శిబిరంపై రాత్రి దాడిచేసి దాదాపు 30 మందిని చంపారు. చనిపోయినవారిలో పసివారు గూడ ఉన్నారు. ఊరు విడిచి శిబిరానికి వచ్చినవారిలో బలవంతంగా వచ్చినవారే ఎక్కువ అని అంతకుముందే రాసిన సంఘాలు, ఆ బలవంతంగా వచ్చినవారినే మావోయిస్టులు చంపినప్పుడు ఏమి రాయవలె? కొన్ని సంఘాలు దానిని ప్రతీకారమని వివరించి ఊరుకొన్నాయి. వివరణ వేరు, సమర్థన వేరు. పసిబిడ్డ మరణం ముందు ఆ రెండింటి మధ్య గీత చాలా సన్ననిది. మానవహక్కుల వేదిక వంటివి ఆ హత్యలను హత్యలుగానే ఖండించాయి. అందువల్ల ఒక పక్షం వారు వీరిని నక్సలైట్ల ముసుగు అన్నారు, రెండవ పక్షం వారు రాజ్యానికి తలవంచినవారన్నారు. రెండు నిందలూ ఒకేసారి పడినవాని నోటుపుస్తకానికే తరువాతికాలంలో విలువ ఎక్కువ పలికింది.

లెక్క విషయంలో గూడ వివాదమే. సల్వాజుడుం వల్ల 644 గ్రామాలు ప్రభావితమయ్యాయన్నది తరచు వినవచ్చిన సంఖ్య. శిబిరాలలో ఉన్నవారికి ప్రభుత్వం దగ్గర లెక్క ఉన్నది. వారికి బియ్యం ఇస్తున్నది గనుక. ఏరు దాటినవారికి లెక్క లేదు. ఒక రాష్ట్రం వారిని పోయినవారిగా రాసుకోలేదు, ఇంకొక రాష్ట్రం వచ్చినవారిగా రాసుకోలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చినవారు 30 వేల నుండి 50 వేల వరకు ఉంటారని కొన్ని నివేదికలు అంచనా వేశాయి. అధికారుల అంచనాలు ఇందుకు చాలా తక్కువ. లెక్కలో లేని మనిషికి రేషన్ కార్డు లేదు, అంగన్‌వాడీ లేదు, బడి లేదు. అటవీశాఖ దృష్టిలో అతడు అడవిని నరికే ఆక్రమణదారు. గుడిసెలు పీకివేయడం, మరల వేసుకోవడం పలుమార్లు జరిగి, ఆ వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. అటవీ సిబ్బంది మాటలోనూ నిజమున్నది. పోడు కోసం చెట్లు పడినమాట వాస్తవమే, అడవిని కాపాడడం వారి ఉద్యోగధర్మమే. కాని ఇల్లు కాలి వచ్చినవాడు ఎక్కడ వండుకొని తినవలెనో చెప్పే ఉద్యోగధర్మం ఏ శాఖకూ లేకపోయింది.

2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ బృందం దంతెవాడ, బీజాపుర్‌లతోపాటు ఖమ్మం జిల్లాకు గూడ వచ్చింది. దాని మొదటి అధ్యక్షురాలు శాంతా సిన్హా తెలుగునాట బాలకార్మికులను బడికి చేర్చే ఉద్యమంతో మెగసెసే పురస్కారం పొందినవారు. ఒక చట్టబద్ధమైన జాతీయ సంస్థ సరిహద్దుకు ఇరువైపులా తిరిగి, ఏటికి ఇటు ఉన్న పిల్లలను గూడ లెక్కలోకి తీసుకోవడం గమనించదగినది. ఆ గూడేలు ఎక్కడ ఉన్నాయో చూపగలిగినది అంతకుముందు కాలినడకన తిరిగిన సంఘాలవారే.

మరుసటి ఏడు సుప్రీంకోర్టు కోరికపై జాతీయ మానవహక్కుల కమిషన్ తన దర్యాప్తు బృందాన్ని సల్వాజుడుం ప్రాంతాలకు పంపింది. బృందంలో అధికభాగం పోలీసు అధికారులే. సాయుధ రక్షణ నడుమ వాహనాలలో వారి ప్రయాణం సాగింది. ఆ బృందంలోని వారు నిజాయితీపరులు కారని అనవలసిన పనిలేదు. అయితే తుపాకులు చుట్టూ నిలిచి ఉండగా తుపాకివాని గురించి ఎవరు నోరు విప్పుతారు? ఎవరు అడుగుతున్నారన్నదానిని బట్టి జవాబు మారుతుందన్న సంగతి సాక్ష్యం సేకరించే ప్రతివారికీ మొదటి పాఠం.

ఇ.ఏ.ఎస్. శర్మ, నందినీ సుందర్, రామచంద్ర గుహ 2007లో వేసిన వ్యాజ్యంపై 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఉన్నారు. అయిదవ తరగతి చదివితే చాలునంటూ గిరిజన యువకులను చేర్చుకొని, రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల భృతి ఇచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులనే పేరుతో మావోయిస్టులపైకి పంపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తీర్పు నిర్ణయించింది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఆ తీర్పు ఊళ్లు తగులబడినవారి హక్కును మాత్రమే చెప్పలేదు. తగులబెట్టడానికి వినియోగించబడిన యువకుని హక్కును గూడ చెప్పింది. చదువు లేని పిల్లవాని చేతికి తుపాకి ఇచ్చి ముందుకు తోయడం అతని ప్రాణాన్ని తక్కువగా ఎంచడమేనని భావించింది. ఏ పక్షానికి చెందినవాడని అడగకుండా మనిషిని చూడడమంటే ఇదే. అదే ఏడు మార్చిలో తాడిమెట్ల మొదలైన మూడు ఊళ్లు కాలిన ఘటనపై సి.బి.ఐ. దర్యాప్తుకు గూడ అదే తీర్పు ఆదేశించింది, 2016లో సి.బి.ఐ. కొందరు ప్రత్యేక పోలీసు అధికారులపై అభియోగపత్రం దాఖలు చేసింది.

తీర్పుతో అంతా సర్దుకొన్నదనుకొంటే పొరపాటు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ ఏడే కొత్త చట్టం చేసి ఆ యువకులను సహాయక సాయుధ పోలీసులుగా మార్చుకొన్నది. ఇది కోర్టు ధిక్కారమని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 మే నెలలో ముగించింది. శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాజాలదన్నది. 2025లో జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీచేసినప్పుడు, పద్నాలుగేళ్ల నాటి ఈ తీర్పే మరల దేశవ్యాప్త వివాదానికి వస్తువయింది.

నిజనిర్ధారణకు పోయేవారి కష్టాలు గూడ తీరలేదు. 2016 డిసెంబరు 25న తెలంగాణ ప్రజాస్వామిక వేదిక తరఫున బయలుదేరిన ఏడుగురు సభ్యుల బృందం ఇదే సరిహద్దులో నిర్బంధానికి గురయింది. మావోయిస్టుల వద్దనున్న రద్దయిన నోట్లను మార్చడానికి వీరు వచ్చారని, తమ ప్రాంతంలోనే పట్టుబడ్డారని ఛత్తీస్‌గఢ్ పోలీసులు చెప్పారు. తాము ఇంకా తెలంగాణలో, దుమ్ముగూడెం వద్ద ఉండగానే పట్టుకొని అటువైపు అప్పగించారని బృందం చెప్పింది. ఏరు దాటారా, దాటలేదా అన్నదే వివాదం. ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం కింద కేసు పెట్టడంతో వారు నెలల తరబడి చెరసాలలో ఉండవలసి వచ్చింది. బాధితునికి న్యాయం అడ్డుకొనేటప్పుడు దాటరాని గోడ అయ్యే సరిహద్దు, సాక్షిని పట్టుకొనేటప్పుడు ఇంత పలుచన కావడం విచారింపదగినది.

మన్యంలో జరిగిన ఘోరాలపై సేకరించిన సాక్ష్యం ఎంతకాలానికి ఫలిస్తుందో చెప్పడానికి నాటి విశాఖ జిల్లాలోని వాకపల్లి ఒక ఉదాహరణ. 2007 ఆగస్టులో అక్కడి కొందు మహిళలు 11 మంది, గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. మానవహక్కుల వేదిక ఆ స్త్రీల వెంట నిలిచి కేసును నడిపించింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం నిందితులను విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు సక్రమంగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారం చెల్లించవలెనన్నది. పదహారేళ్లు ప్రతి మెట్టు వద్ద నిలిచి తమ మాట మార్చని ఆ గిరిజన మహిళలకు దక్కినది అంతే.

శబరి ఇవతలి గూడేలలో ఇప్పుడు రెండవ తరం పెరిగింది. ఇక్కడే పుట్టి తెలుగు బడులలో చదువుకొన్న యువకులకు కులధ్రువీకరణ పత్రం చిక్కడం కష్టం. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్నా, ఇక్కడ ఆ గుర్తింపు లేదని అధికారులంటారు. పోడు తగాదాలు ఆగలేదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో మొక్కలను కాపాడబోయిన అటవీ రేంజి అధికారి ఒకరు గుత్తికోయల చేతిలో హతులయ్యారు. విధినిర్వహణలో మరణించిన ఆ ఉద్యోగి కుటుంబం దుఃఖం ఎవరి దుఃఖానికీ తీసిపోదు. ఆ దారుణం తరువాత గుత్తికోయలందరినీ వెళ్లగొట్టవలెనన్న మాట బలంగా వినవచ్చింది. ఇద్దరు చేసిన నేరానికి తెగ అంతా నేరస్థులవుతారా అని అడిగినవారు తక్కువ.

2006 నాటి అటవీహక్కుల చట్టం ఈ కథలో ఒక విచిత్రమైన ముడి. అడవిలో భూమి సాగుచేసుకొనే గిరిజనుడు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమిపై ఉన్నట్లు రుజువు కావలె. ఏరు దాటి వచ్చిన కుటుంబం ఆనాటికి ఇక్కడి భూమిపై లేదు. ఉన్నా ఇక్కడ గిరిజన గుర్తింపు లేదు. అక్కడి భూమిని వదలివచ్చి ఏళ్లు గడిచాయి. ఇటు హక్కు లేదు, అటు పట్టు లేదు. అయితే అదే చట్టంలో మూడవ సెక్షన్ మొదటి ఉపవిభాగం ‘ఎం’ ఖండిక కింద, 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం లేకుండా అడవి భూమి నుండి అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం పొందే హక్కు ఉన్నది. వలసవచ్చినవారి తరఫున పనిచేసేవారు ఇటీవలి సంవత్సరాలలో ఈ ఖండికను ముందుకు తెచ్చారు.

దీనితో ఒక్క తేదీ ప్రాణసమానమయింది. 2005 వానకాలంలో ఇల్లు కాలినవాడు ఈ ఖండిక కిందికి వస్తాడు. 2006 వేసవిలో కాలినవాడు రాడు. అన్న వస్తాడు, తమ్ముడు రాడు. కాలిపోయిన ఊరికి రెవెన్యూ పత్రాలు లేవు, పంచనామా జరగలేదు, ఠాణాలో ఫిర్యాదు నమోదు కాలేదు. ఏ ఊరు ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పగల కాగితాలు చాలా కొద్ది. వాటిలో 2005 నవంబరు ఆఖరున దంతెవాడలో తిరిగిన బృందం రాసుకొన్నవి ఉన్నాయి. చట్టం పెట్టిన గడువుకు అప్పటికి రెండు వారాలు మాత్రమే మిగిలి ఉన్నది. ఆ గడువు ఉండబోతున్నదని ఊళ్ల పేర్లు రాసుకొన్నవారికి తెలియదు, చెప్పినవారికీ తెలియదు.

అభ్యాసం

1. నిజనిర్ధారణ బృందాలు సాక్ష్యం సేకరించేటప్పుడు ఎదుర్కొనే అడ్డంకులను పాఠం ఆధారంగా వివరించండి.
2. 1990 దశకంలో పౌరహక్కుల సంఘంలో జరిగిన చర్చ ఏది? 2006 నాటి ఘటనలు దానిని ఎట్లా పరీక్షకు పెట్టాయి?
3. 2011 జూలై 5 నాటి తీర్పులో గిరిజన యువకుల గురించి చెప్పిన సూక్ష్మమేమి?
4. అటవీహక్కుల చట్టంలోని గడువు తేదీ వలస కుటుంబాలను ఎట్లా విడదీస్తున్నది?